కాగితము, సిరా, సెల్‌ఫోను

పఠింపవలసిన భాగములు: 2 యోహాను 12, 13, కొలొస్సయులకు 4:7–18, 2 థెస్సలొనీకయులకు 2:1, 2 మరియు 3:17.



సెల్‌ఫోను సంఘములోనికి రావలెనా, రాకూడదా అని మన పెద్దల కూటములలో ఇంకను అప్పుడప్పుడు వాదము జరుగుచున్నది. అది వచ్చి మన ప్రక్కనే కూర్చుండి చాల కాలమైనది. కాపరి వాక్యభాగము చెప్పగానే బైబిలు విప్పువారు కొందరు, ఫోను విప్పువారు కొందరు. కూటము ఎవరి యింటనో తెలుపునది వాట్సాపు. రాత్రి నిద్రపట్టని ముసలివారికి పాటలు వినిపించునది యూట్యూబు. కాబట్టి దానిని లోనికి రానియ్యవలెనా అనునది ఇప్పుడు ప్రశ్న కాదు. సంఘ పరిచర్యలో దానికి ఏ పని అప్పగింపవలెను, ఏ పని అప్పగింపరాదు అనునదే ప్రశ్న.

ఫోను పేరు లేఖనములలో లేదు. అయినను దూరముననున్న వారితో మాటలాడుటకు మనుష్యులు చేసికొన్న సాధనమొకటి క్రొత్త నిబంధన నిండ నున్నది. అది పత్రిక. క్రొత్త నిబంధనలోని 27 గ్రంథములలో 21 పత్రికలే. అపొస్తలులు ఈ సాధనమును ఎట్లు వాడిరో చూచితిమా, మన చేతిలోని సాధనమునకు కావలసిన బుద్ధి అక్కడ దొరకును.

పౌలు దగ్గర లేనందున వ్రాసెను. కొందరికి చెరసాలనుండి వ్రాసెను, కొందరికి ప్రయాణము మధ్యనుండి వ్రాసెను. ఆ కాలపు రాజమార్గములు రోమా సైన్యములు నడచుటకై వేయబడినవి. ఓడలు ధాన్యము మోయుటకై కట్టబడినవి; పౌలు రోమాకు పోయిన ఓడలో గోధుమలున్నవని అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చెప్పుచున్నది. సువార్త కొరకు ఎవడును ఆ బాటలు వేయలేదు, ఆ ఓడలు కట్టలేదు. అయినను సువార్త వాటిమీదుగానే పోయెను. వ్యాపారము కొరకు వేసిన సెల్‌ఫోను టవరు మీదుగా దేవుని వాక్యము పోవుట తప్పని చెప్పువారు ఈ సంగతి తలంచుకొనవలెను.

అయితే పత్రిక ఒంటరిగా పోలేదు. రోమా ప్రభుత్వపు తపాలా ప్రభుత్వపు పనికే గాని సామాన్యులకు లేదు. కనుక విశ్వాసుల పత్రికలను ప్రయాణము చేయు సహోదరులే మోసికొనిపోయిరి. కొలొస్సయి సంఘమునకు తుకికు వెళ్లెను. తన సంగతులన్నియు అతడే మీకు తెలుపునని పౌలు వ్రాసియున్నాడు. అనగా కాగితముమీద కొంత, మనిషి నోట కొంత. రోమీయులకు వ్రాసిన పత్రికలో కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను చేర్చుకొనుడని అడిగెను. ఆ పత్రికను ఆమెయే తెచ్చియుండునని బైబిలు పండితులనేకులు తలంచుచున్నారు. చేరిన తరువాత పత్రిక ఒకరి పెట్టెలో ఉండిపోలేదు. దానిని సహోదరులందరికి చదివి వినిపింపవలెనని పౌలు థెస్సలొనీకయులకు ప్రభువు పేరట ఆనబెట్టెను. చదువురానివారు అనేకులున్న సంఘము గనుక ఒకడు చదువగా అందరు వినిరి. తరువాత కొలొస్సయి పత్రిక లవొదికయకు, లవొదికయ పత్రిక కొలొస్సయికి పోవలెనని ఏర్పాటు.

ఇప్పుడు యోహాను మాట చూడుడి. రెండవ పత్రిక పదమూడు వచనములే. అంత చిన్న పత్రికలో ఆయన చెప్పిన సంగతి ఏమనగా, వ్రాయవలసినవి ఇంకను చాల యున్నవి గాని కాగితముతోను సిరాతోను వ్రాయుటకు మనస్సు లేదు. మీ యొద్దకు వచ్చి ముఖాముఖిగా మాటలాడవలెనని నిరీక్షించుచున్నాను, అప్పుడే మన సంతోషము నిండగును. మూడవ పత్రిక చివరను ఇదే మాట. ఆయన ఈ మాటను చెప్పినది కూడ కాగితముమీదనే, సిరాతోనే గదా! కలమును పారవేయలేదు. కలము చేయగల పని కలముచేత చేయించి, మిగిలినదానికి తానే బయలుదేరవలెనని నిశ్చయించుకొనెను. పత్రిక రాకడకు బదులు కాదు, రాకడకు ముందు వచ్చునది. మేము ఈ వ్యాసములో చెప్పదలచినది ఇదియే.

మన దేశములోను అట్లే జరిగినది. 1818లో సేరంపూరు ముద్రణాలయమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. ఆనాటి మన పల్లెలలో అక్షరములు తెలిసినవారెందరు? అచ్చుయంత్రము పుస్తకము నిచ్చెను గాని పుస్తకము తనంతట తాను మాలపల్లెకు, మాదిగపల్లెకు నడచి రాలేదు. సంచి భుజమున వేసికొని తిరిగిన కల్పోర్టరులు, దీపము వెలుతురులో చదివి వినిపించిన ఉపదేశులు, ఇంటింటికి పోయిన బైబిలు స్త్రీలు తెచ్చిరి. తరువాత రేడియో వచ్చెను. 1921 జనవరి 2న అమెరికాలోని పిట్స్‌బర్గు పట్టణములో కాల్వరీ ఎపిస్కొపలు దేవాలయపు ఆరాధనను కె.డి.కె.ఎ. స్టేషను ప్రసారము చేసెను. దేవాలయ ఆరాధన రేడియోలో వినబడుట అదే మొదలు. 1970 మొదలుకొని సెషెల్సు దీవులనుండి ఫీబా రేడియో మన దేశపు భాషలలో వాక్యము వినిపించెను. విన్నవారు ఉత్తరములు వ్రాసిరి, ఉత్తరములకు జవాబులు పోయెను. సాధనము ఏదైనను చివర ఒక మనిషి నిలువవలసివచ్చినది.

ఈ వెలుగులో మన సంఘముల సంగతి చూతము.

2020 మార్చి 25 మొదలు దేశమంతట లాక్‌డౌను విధింపబడినది. ఏప్రిలు 5 మట్టల ఆదివారము, 10 శుభ శుక్రవారము, 12 పునరుత్థాన పండుగ. మూడును దేవాలయపు తలుపులు మూసియుండగానే గడచిపోయినవి. జూను 8 తరువాత గాని ఆరాధన స్థలములు తెరచుటకు ప్రభుత్వము అనుమతింపలేదు. ఆ దినములలో ఫోను చేసిన మేలును మరచిపోవువాడు కృతఘ్నుడు. కాపరులు ఇంటిలో కూర్చుండి వాక్యము చెప్పి పంపగా, ఒక ఫోను చుట్టు ఇంటివారందరు కూర్చుండి వినిరి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవుక అయియుండనియెడల ఆ మాత్రము కూడ సాధ్యము కాకపోయెడిది. ఇది పౌలు చెరసాలనుండి వ్రాసిన పత్రికవంటిది. సంకెళ్లున్నంత కాలము పత్రికయే దిక్కు.

అయితే సంకెళ్లు ఊడిన తరువాత కూడ కొందరు పత్రికతోనే తృప్తిపడి యున్నారు. దేవాలయము తెరచి యేండ్లు గడచినవి. వారు ఇంకను ఆదివారము ఉదయము మంచముమీద కూర్చుండి పట్టణపు ప్రసంగీకుని వినుచున్నారు. ఆ ప్రసంగము మన ప్రసంగముకన్న బాగుగా నుండవచ్చును. మేము దానికి అసూయపడము. వాద్యములు మంచివి, దీపములు మంచివి, మాట ధారాళము. మంచి ప్రసంగమును వారములో ఏ దినమైనను వినుడి, మేలు పొందుడి. కాని ఒక సంగతి అడుగుచున్నాము. కొరింథులో కొందరు పౌలునుగూర్చి, అతని పత్రికలు ఘనమైనవి గాని మనిషి దగ్గరకు వచ్చినప్పుడు బలహీనుడని చెప్పుకొనిరి. దానికి పౌలు ఇచ్చిన జవాబు, దూరమున పత్రికలో ఎట్టివారమో దగ్గర నున్నప్పుడు క్రియలోను అట్టివారమే యని. దీనిని పరీక్షించుటకు కొరింథువారికి వీలుండెను; పౌలు ఏడాదిన్నర వారి మధ్యనే కాపురముండెను. తెరమీది ప్రసంగీకుడు తన భార్యతో ఎట్లు మాటలాడునో, కూలివానికి కూలి సరిగా ఇచ్చునో లేదో మనమెట్లు చూడగలము? మీ ఊరి కాపరి సంగతి మీకు తెలియును. అతని లోపములు కూడ తెలియును. అతని లోపములు మీకు, మీ లోపములు అతనికి తెలిసియుండుటయే కాపరత్వములో సగము. మీ గేదె చచ్చినప్పుడు, మీ కుమారుడు పరీక్ష తప్పినప్పుడు, పట్టణపు ప్రసంగీకునికి మీ వీధి తెలియదు.

మరియొక ప్రక్కను చూడుడి. కోనసీమనుండి, పశ్చిమ గోదావరినుండి, కడప జిల్లానుండి మన సహోదరీలెందరో ఇంటిపనికై కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోయియున్నారు. కువైటు పట్టణములో దేవాలయ ఆవరణమున శుక్రవారమునాడు అనేక భాషలవారు కూడుకొనుచున్నారు గాని, యజమానురాలు గడప దాటనియ్యని స్త్రీకి అది యెంత దూరము! ఆమెకు ఫోనే పత్రిక, ఫోనే తుకికు. బబులోనులో చెరలోనున్న వారికి యిర్మీయా యెరూషలేమునుండి పత్రిక పంపెను (యిర్మీయా 29). అక్కడ ఇండ్లు కట్టుకొనుడి, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడి, దేవుడు మిమ్మును మరువలేదు అని దాని భావము. అట్టి పత్రిక మన సంఘమునుండి నెలకొకటైన పోవుచున్నదా? ఇక్కడ రాత్రి ఎనిమిది గంటలైనప్పుడు అక్కడ సాయంకాలము ఐదున్నర. వారికి వంటపని మధ్య. కాబట్టి ఆ వేళకు వీడియో కాల్‌లో కలియుమని వారిని తొందరపెట్టవద్దు. కాపరి ఐదు నిమిషములు వాక్యము చెప్పి, సంఘమంతయు ఒక కీర్తన పాడి, ఆమె తల్లి రెండు మాటలు పలికి, ఆ గొంతులు పంపిన చాలును. పని ముగిసి పండుకొన్నప్పుడు వినుకొనును. వీడియో కన్న గొంతుకు డేటా చాల తక్కువ ఖర్చగునని కూడ తెలిసికొనుడి. ఇదే విధముగా చదువురాని పెద్దలకు మెమరీ కార్డులో ఆడియో బైబిలు వేయించి ఇచ్చినయెడల, బటన్ల ఫోనులోనైనను మార్కు సువార్త మొదటినుండి చివరివరకు వినగలరు. ఈ పనికి మన యౌవనులు చాలుదురు, పట్టణమునుండి ఎవరును రానక్కరలేదు.

ఇక దొంగ పత్రికల సంగతి. థెస్సలొనీక సంఘము ఒకప్పుడు కలవరపడెను. ప్రభువు దినము వచ్చేసినదని పౌలు పేరట ఎవరో వ్రాసిన పత్రిక వారికి చేరినట్లున్నది. అట్టిదానివలన త్వరపడి చలింపవద్దని పౌలు హెచ్చరించెను. ఆ పత్రిక చివరనే తన చేతివ్రాతతో వందనము వ్రాసి, ప్రతి పత్రికలోను ఇదే గురుతు అని చెప్పెను. మన గ్రూపులలో దొంగ పత్రిక రాని దినమున్నదా? ఫలానా దేశములో దేవాలయములు తగులబడుచున్నవని పాత వీడియో, ఇది పదిమందికి పంపనియెడల కీడు వచ్చునని బెదిరింపు, ఫలానా ఆకు నమిలిన క్యాన్సరు పోవునని వైద్యము. ఇవి నవ్వి ఊరకుండవలసినవి కావు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో వ్యాపించిన అబద్ధములవలన మన దేశములో పలుచోట్ల నిరపరాధులు కొట్టి చంపబడిరి. మన తెలుగు జిల్లాలలోను ఆ దాడులు జరిగినవి. ఆ యేడు జూలైలో వాట్సాపువారు మన దేశములో ఒక్క మారు అయిదు చోట్లకు మించి ఫార్వర్డు చేయ వీలులేకుండ చేసిరి. 2020 ఏప్రిలులో, ఎక్కువగా చేతులు మారిన సందేశమునైతే ఒక్క చోటికే పంపగలుగునట్లు చేసిరి. సందేశముపైన రెండు బాణపు గురుతులు కనబడినయెడల అది ఎన్నో చేతులు మారి వచ్చినదని అర్థము. దానిని మొదట వ్రాసినవాడెవడో మీకు తెలియదు, అతని చేతివ్రాత మీరు చూడలేదు. ఆ రెండు బాణములను గుర్తుపట్టుట సండేస్కూలులో పెద్ద పిల్లలకు నేర్పవలెనని మా మనవి. వారు ఇంటికి పోయి తాతలకు నేర్పుదురు. ఇరుగుపొరుగు మతములవారిని దూషించు వీడియో వచ్చినప్పుడైతే వేరే పరీక్ష అక్కరలేదు. నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ బొటనవ్రేలికి కూడ వర్తించును.

డబ్బు సంగతి కొద్దిగానే చెప్పెదము. పౌలు యెరూషలేము బీదల కొరకు చందా పోగుచేసినప్పుడు దానిని తానొక్కడే మోసికొనిపోలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరుని వెంటబెట్టుకొనెను. ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికి కూడ యోగ్యముగా నుండవలెనని దానికి కారణము చెప్పెను (2 కొరింథీయులకు 8:19–21). కాబట్టి కానుక పెట్టె ప్రక్కన అంటించిన క్యూఆర్ కోడు సంఘపు బ్యాంకు ఖాతాకే పోవలెను, కాపరి సొంత నంబరుకు కాదు. నెలకొకమారు కోశాధికారి ఆ లెక్క చదివి వినిపింపవలెను. ముఖమెరుగని సేవకుడు అనాథశాలకని, దేవాలయపు కప్పుకని లింకు పంపి అడిగినయెడల ముందు పెద్దలతో మాటలాడుడి. డబ్బు మీ ఖాతాకు వచ్చుటకు స్క్యానింగు అక్కరలేదు, పిన్ను అక్కరలేదు. పిన్ను కొట్టితివా, డబ్బు నీ యొద్దనుండి పోవుచున్నదన్నమాటే. మోసపోయినయెడల సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుడి. ఎంత త్వరగా చేసిన అంత మేలు.

ప్రార్థన మనవులనుగూర్చి మాత్రము వివరముగా చెప్పవలసియున్నది, ఏలయనగా ఇక్కడ మనము ప్రేమతోనే గాయపరచుచున్నాము. ఒక కన్యకకు గర్భసంచిలో గడ్డ ఉన్నదని తల్లి కన్నీళ్లతో స్త్రీల సమాజములో చెప్పును. ప్రార్థించుటకే అని ఒకరు దానిని రెండువందలమందియున్న గ్రూపులో పెట్టుదురు. సాయంకాలమునకు ఆ సంగతి పెండ్లిచూపులకు రావలసినవారి ఊరికి చేరును. ఎవరును ద్వేషముతో చేయలేదు, అయినను ఆ పిల్ల బ్రతుకుమీద దెబ్బ పడెను. చెవిలో చెప్పినది మిద్దెమీద చాటబడినది. బాప్తిస్మము ఫోటోలును అట్టివే. నీళ్లలోనుండి లేచినవాడు తన తండ్రికి తన నోటనే చెప్పుకొనవలెనని తలంచియుండగా, మనము ముందే ఫేస్‌బుక్కులో పెట్టి తండ్రికి ఊరివారిచేత తెలియజేయుదుమా? గ్రూపులో పేరు లేకుండ, రోగము పేరు లేకుండ, మన సహోదరి యొకతె కొరకు ప్రార్థింపుడని వ్రాయుడి. పేరు దేవునికి తెలియును. వివరములు కావలసినవారు ఆ యింటికి నడచిపోయి అడిగి తెలిసికొందురు. నడచిపోయినవాడు ఒక పండో, ఒక గుడ్డో చేతపట్టుకొని పోవును, అదియు మంచిదే.

ఇదే సందర్భమున మైకు సంగతి ఒక మాట. అదియు యంత్రమే; అది పాతదగుట వలన దానిని మనము యంత్రమని తలంచుట మానివేసితిమి. రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు బయట లౌడుస్పీకరు మ్రోగింపరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములు చెప్పుచున్నవి. నలుబదిమంది కూడిన పాకలో మైకు ఎందుకో మాకు తెలియదు.

చివరగా ప్రభు సంస్కారము. లాక్‌డౌను కాలములో ఇంటిలో రొట్టె పెట్టుకొని ఫోనులో చూచుచు తీసికొనవచ్చునా అని అనేకులు అడిగిరి. వివిధ సంఘములు వివిధముగా తీర్మానించినవి. ఆనాటి కష్టములో వారు చేసినదానికి మేము తీర్పు తీర్చము. ఇప్పుడు ఆ కష్టము లేదు. పౌలు కొరింథువారికి ఆ భోజనమునుగూర్చి పత్రికలో బోధించెను గాని భోజనమును పత్రికలో పెట్టి పంపలేదు. మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొనియుండుడని వ్రాసెను. ఒకే రొట్టెలో పాలుపొందు మనము ఒకే శరీరమైయున్నామని చెప్పెను. ఒకని చేతినుండి మరియొకని చేతికి పోవునది తీగమీద పోదు. కాబట్టి మంచముపట్టినవారికి ఫోను చూపింపక, కాపరియు ఒక పెద్దయు రొట్టెయు ద్రాక్షారసమును తీసికొని ఆ యింటికే పోవలెను.

ఇట్లు పోవుటకు ఎవరెవరు ఎక్కడున్నారో తెలిసియుండవలెను. గ్రూపు వచ్చిన తరువాత మన సంఘములకు ఒక జబ్బు పట్టినది. గ్రూపులో ఉన్నవారే సంఘమనుకొనుచున్నాము. కూటము మారినదని గ్రూపులో పెట్టితిమి, అందరికి తెలిసెననుకొందుము. ఫోను లేని విధవరాలు పాత వేళకు వచ్చి తాళమువేసిన తలుపు చూచి తిరిగిపోవును. ఫోను ఉండియు ఈ నెల రీఛార్జి చేయించుకొననివాడు ఎవరితోను చెప్పక ఊరకుండును. ఎల్లరికి చదివి వినిపింపుడని పౌలు ఆనబెట్టినది ఇట్టివారి కొరకే. కనుక ప్రతి వీధికి ఒక సహోదరునిగాని సహోదరినిగాని ఏర్పరచుడి. గ్రూపులో వచ్చిన ప్రతి ప్రకటనను ఆ వీధిలో ఫోను లేని ఇండ్లకు నోటితో చెప్పుట వారి పని. రాబోవు సంస్కార ఆదివారమునకు ముందుగా అట్టి ఇండ్ల పట్టిక, మంచముపట్టినవారి పేర్లతో కూడ, పెద్దలు కాపరికి అందజేయవలెను. దానిని గ్రూపులో పెట్టవద్దు. కాగితముమీద వ్రాసి, చేతితో తెచ్చి ఇయ్యుడి.